అన్నిటికీ ఆయ్ అన్న డ్రైవరు

ఆ రోజుల్లో నేను లెక్కపెట్టని వస్తువు అమలాపురంలో మిగిలి ఉండేది కాదు. మా గది నుంచి షాపుకి వెయ్యీ నూట నలభై రెండు అడుగులు (వానాకాలంలో గుంటలు తప్పించుకోవడానికి మరో అరవై), షాపు మెట్లు పదిహేడు, కింద కొట్టువాడిచ్చే టీ గ్లాసుకి నాలుగు గుటకలు. వయసు ఇరవై ఆరు. డిగ్రీ రెండో ఏడాదిలో ఆగిపోయింది. (దానంతటది ఆగలేదు, ఇంగ్లీషు పేపరు ఆపింది.) లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చాయి, కంప్యూటరూ అలాగే వచ్చింది, ఆ రెండూ కలిసి నా తలకెక్కి కూర్చున్నాయి. సొంతంగా నేర్చుకున్న విద్యలో ఒక సుఖం ఉంది, తప్పు చేస్తే బెత్తం పుచ్చుకునేవాడు ఉండడు. కష్టం కూడా సరిగ్గా అదే. ఇప్పుడు నలభై దాటి, కళ్ళజోడు రెండుసార్లు మారాక వెనక్కి చూస్తే, ఆ కుర్రాడు నాకు ఎదురింటివాళ్ళ అబ్బాయిలా కనిపిస్తాడు. పిలిచి నెత్తిమీద ఒక్కటి మొట్టాలనిపిస్తుంది, ఆ తర్వాత కూర్చోబెట్టి కాఫీ ఇప్పించాలనీ అనిపిస్తుంది.

షాపు బాబాయిగారిది. మా నాన్నకి పిన్ని కొడుకు. ముప్ఫయ్యేళ్ళు మైకుసెట్లు బాగుచేసి, పెళ్ళిళ్ళలో మాడిపోయిన యాంప్లిఫయర్లకి మళ్ళీ ప్రాణం పోసి, కాట్రేనికోన వైపు రొయ్యల చెరువులు పెరుగుతుండటం చూసి ఒకనాడు "ఇహ మనం కూడా టెక్నాలజీలోకి దిగిపోదాంరా" అన్నారు. దిగడమంటే ఆయన షాపు బోర్డు మార్చారు, మిగతాది నేను చేశాను. రొయ్యల సంగతి తెలియనివారి కోసం ఒక ముక్క చెప్పాలి. నీళ్ళలో గాలి చాలకపోతే రొయ్య బతకదు. అందుకని చెరువులో ఏరియేటర్లనే తెడ్ల చక్రాలు తిరుగుతూ రాత్రింబవళ్ళు నీటిని చిలుకుతుంటాయి. అవి ఆగి, ఆపైన మబ్బు పట్టిందంటే, మూడు నెలలు మేపిన పంట ఒక్క పూటలో పైకి తేలుతుంది. కాబట్టి చక్రాలు ఆగగానే మనిషి గొంతుతో పిలిచే పెట్టె ఒకటి చేద్దామని మా ఆలోచన. అందులో లైనక్స్ అనే సాఫ్ట్‌వేరుతో నడిచే చిన్న కంప్యూటరు బోర్డు, శబ్దం చేసే చిప్పు ఒకటి, కరెంటు పోయినా పనిచెయ్యడానికి బ్యాటరీ, పైన గుడి మీద పెట్టేలాంటి హారను.

మాటలు పిన్నిగారి గొంతుతో రికార్డు చేశాం. "ఏరియేటర్లు ఆగాయి, పరిగెత్తండి!" అని నేను రాసిస్తే బాబాయిగారు కాగితం చూసి మొహం చిట్లించారు.

"అదేంట్రా, పెట్టె చేత జనాన్ని కసిరిస్తావా? కొనుక్కునేవోళ్ళు పెద్దమనుషులు. అండీ ఏదీ?"

"ప్రమాదం కదా బాబాయిగారూ."

"ప్రమాదమైతే మాత్రం మర్యాదుండక్కర్లేదా?"

ఆ విధంగా మా పెట్టె ప్రమాద ఘంటిక ఇలా తయారైంది: "ఏమండీ, ఏరియేటర్లు ఆగిపోయినట్టున్నాయండి, కాస్త ఇటొచ్చి చూద్దురూ." ఇది ఊరి చివరిదాకా వినపడాలి కాబట్టి గట్టిగా. అంతా సవ్యంగా ఉన్నప్పుడు, పెట్టె బతికే ఉందని తెలియడానికి అరగంటకోసారి "అంతా బాగుందండి" అంటుంది. ఇది పక్కన పాకలో ఉన్న కాపలా మనిషికి వినిపిస్తే చాలు కాబట్టి మెల్లగా. ఏది గట్టిగా, ఏది మెల్లగా అన్నది చదువుతున్నవారు దయచేసి గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

ఇక డ్రైవరు. ఇక్కడ డ్రైవరంటే బండి తోలే మనిషి కాదు. చిప్పు మన మాట వినాలంటే దాని భాష తెలిసిన ప్రోగ్రాం ఒకటి మధ్యలో ఉండాలి, దానికే ఆ పేరు. బోర్డు మీద ఏయే చిప్పులున్నాయో రాసి ఉండే ఫైలు వేరే ఉంటుంది. బోర్డుకి కరెంటు అందగానే లైనక్స్ ఆ ఫైలు చదివి, "ఫలానా పేరు గలాయన వచ్చేరు, ఎవరి తాలూకా అండీ?" అని అడుగుతుంది, పెళ్ళిపందిట్లో కొత్తమొహం కనబడితే మనవాళ్ళు అడిగినట్టే. ఆ పేరు తన జాబితాలో ఉన్న డ్రైవరు "ఆయ్, మా తాలూకానేనండి" అని లేచి, చిప్పుని చెయ్యిపట్టుకుని తీసుకుపోతుంది. పేరు కలిసిందా లేదా, అంతే. మొహం చూడదు, ఊరు అడగదు. అంచేత ఆ పేరు పెట్టేవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పెట్టాలి. మా షాపులో పేరు పెట్టేవాణ్ణి నేను.

చిప్పులన్నీ ఒకే తయారీదారువి. మొదటి లాటులో 312 నంబరువి వచ్చాయి, రెండో లాటులో 314, మూడో లాటులో 316. ఒక్కో చిప్పుకీ డెబ్బై పేజీలకి పైబడిన పుస్తకం ఉంటుంది. మూడు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని, పదకొండు రోజులు కూర్చుని, ప్రతి అంకెనీ పోల్చి గళ్ళ కాగితం మీద పట్టిక వేశాను. మూడింటికీ ఒక్క అంకె తేడా లేదు. అక్కడితో పెన్ను మూత పెట్టి ఇంటికి పోయి ఉంటే ఇవాళ మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. కానీ లెక్కలవాడి కళ్ళు ఊరుకోవు. పన్నెండు, పద్నాలుగు, పదహారు. రెండేసి చొప్పున పెరుగుతోంది! అంటే తర్వాత వచ్చేది 318, అదీ ఇదే బాపతు. ఈ పరిశోధనకి నా ఒళ్ళు నాకే పులకరించింది. ఒక్కో చిప్పుకీ ఒక్కో పేరు రాయడం చేతకానివాళ్ళ పని అని తేల్చేసి, బోర్డు ఫైల్లోనూ డ్రైవర్లోనూ పేరుని 31 దాకా రాసి, ఆఖరి అంకె ఉండాల్సిన చోట ఒక ఎక్స్ పెట్టాను. ఎక్స్ అంటే ఏదైనా కావచ్చు. ఆల్జీబ్రా.

షాపులో అప్పటికి ఇంకో మనిషి చేరి ఉంది. రాజోలు దగ్గర హైస్కూలు టీచరుగారి అమ్మాయి, నాకంటే మూడేళ్ళు చిన్న, ఇంజనీరింగు పూర్తిచేసిన పిల్ల. (ఆ పూర్తిచెయ్యడం గురించి ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. రోజూ గుర్తుచేసుకున్నది నేనే.) నా పట్టిక అంతా ఓపిగ్గా చూసి, "పట్టిక చాలా బాగుందండి అన్నయ్యగారూ. మరి ఈ ఎక్స్ ఎవరండీ?" అంది.

"రాబోయే చిప్పులన్నీనమ్మా. మళ్ళీ మళ్ళీ రాసే పని లేకుండా."

"రాబోయేవి మనం చూళ్ళేదు కదండీ. చూసినదాని పేరే రాస్తే సరిపోద్ది కదా. 314 నిజంగా 312 లాంటిదే అయితే ముందు దాని పేరు రాసి, పక్కన 312 తాలూకా అని రాద్దాం. రేపు ఏదైనా తేడా వచ్చిందనుకోండి, దాని పేరు దానికుంటది, విడిగా చూసుకోవచ్చు."

"తేడా ఎందుకొస్తుందమ్మా? రెండేసి చొప్పున పెరుగుతుంటే!"

"ఆయ్" అంది ఆ అమ్మాయి. మా వైపు ఆయ్‌లలో చాలా రకాలున్నాయి. ఒప్పుకున్న ఆయ్, విన్నానన్న ఆయ్, నీ ఖర్మ అన్న ఆయ్. అది ఏ రకమో అప్పుడు నాకు తెలియలేదు.

ఇంతటి విజ్ఞానం షాపులోనే ఉండిపోవడం అన్యాయమనిపించి, ప్రపంచంలో లైనక్స్ డ్రైవర్లు రాసేవాళ్ళంతా ఈమెయిళ్ళు రాసుకునే చోటికి నా డ్రైవరు పంపాను. అక్కడ శబ్దం డ్రైవర్లు పరీక్షించే పెద్దాయన ఒకరు ఉండేవారు. ఏ దేశమో తెలియదు, ఏ వేళకి నిద్రపోతారో అంతకన్నా తెలియదు. ఆయన జవాబు ఒక్క లైను: "ఎక్స్ అనే చిప్పు ఎవరూ తయారు చెయ్యలేదు, నీ దగ్గర ఉన్నదాని పేరు రాయి." నేను పట్టికతో సహా నాలుగు పేజీల జవాబు రాశాను. అందులో అంకశ్రేఢి గురించి ఒక పేరా, పేర్లు తగ్గించడం వల్ల ప్రపంచానికి ఆదా అయ్యే అక్షరాల గురించి ఒక పేరా. ఆయన దగ్గర్నుంచి ఈసారి ఒక్క ముక్క వచ్చింది: "వద్దు." నాలుగు పేజీలకి ఒక్క ముక్క. పేజీల లెక్క ప్రకారం గెలుపు నాదేనని నిర్ణయించుకుని, "వాళ్ళ కాపీ వాళ్ళది, మన కాపీ మనది" అని మా షాపు కాపీలో ఎక్స్‌ని అలాగే ఉంచుకున్నాను. బాబాయిగారు వీపు తట్టారు. ఆయనకి గొడవ అర్థంకాలేదు గాని, విదేశీయుడితో గొడవపడటం మాత్రం బాగా నచ్చింది. నెల్లాళ్ళు షాపుకి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నారు.

ఆ తర్వాత లాటు వచ్చింది. పెట్టె విప్పి, భూతద్దంతో చిప్పు మీద నంబరు చూశాను. 318! ఆ క్షణంలో నేను నేల మీద లేను. గ్రహణం పట్టే ఘడియ ముందే చెప్పినవాడికి కూడా అంత గర్వం ఉండదు. బాబాయిగారు మిరపకాయ బజ్జీలు తెప్పించారు. టీచరుగారి అమ్మాయి బజ్జీ కాగితంలోనే ఉంచి, "దీని పుస్తకం చదివేరా అన్నయ్యగారూ?" అని అడిగింది.

"తెలిసిందాన్ని చదవడమేంటమ్మా?"

ఇక పరీక్ష. నా పరీక్ష అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. ప్రతి పెట్టెకీ రిజిస్టర్లో ఒక పేజీ. కింద ప్రధాన రోడ్డు, ఆటోల మోత, పక్క షాపులో మిక్సీ రిపేరు. నేను చెవి దగ్గర చిన్న స్పీకరు, చేతిలో గడియారం పెట్టుకుని కూర్చున్నాను. మొదటి మాట వచ్చిందా? వచ్చింది, టిక్కు. రెండో మాట వచ్చిందా? వచ్చింది, టిక్కు. రెండిట్లో ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా వచ్చాయా? వచ్చాయి, టిక్కు. ఏది గట్టిగా వచ్చింది అన్న గడి నా రిజిస్టర్లో లేదు. రెండు మాటల మధ్య అరగంటకి సెకను తేడా లేదని మాత్రం ఎర్ర సిరాతో రాసుకున్నాను.

ఆ లాటులో మొదటి పెట్టె కాట్రేనికోన దగ్గర మావయ్యగారి చెరువుల మీదకి వెళ్ళింది. మావయ్యగారంటే పిన్నిగారి పెద్దన్నయ్య. మూడు చెరువులు. అంతకుముందు వరసగా రెండు పంటలు తెగులుకి పోయాయి. "ఈ పంట కూడా పోతే చెరువులు పూడ్చేసి కొబ్బరి మొక్కలేసుకుని, అవి కాసేదాకా ఎవరి గుమ్మంలోనో కూర్చోవడమే" అని పెట్టె బిగించిన రోజున నాతో అన్నారు. పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి అమ్మడానికి, ఇంకా ఇరవై రోజులుంది. ఆయన మాటకి నేను ఎంతో ధీమాగా తలూపి, "మీరు నిశ్చింతగా ఉండండి మావయ్యగారూ, ఇది లెక్క ప్రకారం చేసింది" అన్నాను. ఆ ధీమా తలుచుకుంటే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

రెండోరోజున ఫోను.

"ఏమండీ ఇంజనీరుగారూ" అన్నారు మావయ్యగారు. (ఇంజనీరుగారూ అన్నారంటే కోపంలో ఉన్నారని అర్థం.) "మా చెల్లెలి గొంతు అది పుట్టినకాడ్నించి వింటున్నానండి. మూడూళ్ళకి వినపడేలా ఎప్పుడూ అరవలేదు. దాని చేత ఏం చేయించేరండి మీరు?"

"ఏమంటోందండి?"

"అంతా బాగుందండి అంటోంది. అరగంటకోసారి. గేదెలు కట్లు తెంపుకుంటన్నాయి. అవతల చర్చిలో పాస్టరుగారు లోకంలో కష్టాల గురించి చెప్తంటే మధ్యలో 'అంతా బాగుందండి!' అందంట. నిన్న పంచాయతీ మీటింగులో మురుగుకాలవ సంగతేంటని నిలదీస్తే, సరిగ్గా అప్పుడే అరిసిందండి. 'విన్నారు కదా' అని ప్రెసిడెంటుగారు లేచెళ్ళిపోయేరు!"

"అది మెల్లగా పెట్టిన మాటేనండి. పొలాల మీద గాలికి కొంచెం ఎక్కువగా వినిపిస్తుందేమో."

"మెల్లగా పెట్టిందే ఇదా? మరి గట్టిగా పెట్టింది మోగితే మేం బతుకుతామా?"

నిజమైన కారణం ఆ ప్రశ్నలోనే ఉంది. దాని తోక పట్టుకుని రెండడుగులు వేస్తే దొరికేది. నేను వెయ్యలేదు. నా రిజిస్టరు తెరిచి మూడు టిక్కులూ చూసుకుని, పెట్టెలో లోపం లేదు, ఊళ్ళోనే ఏదో ఉంది అనే నిర్ణయానికి వచ్చాను. ఫోను బాబాయిగారు అందుకుని, ముప్ఫయ్యేళ్ళ మైకుసెట్ల అనుభవమంతా ఉపయోగించి ఒక ఉపాయం చెప్పారు. "హారన్లో కాస్త కొబ్బరిపీచు కుక్కండి బావగారూ." పీచుకి కరువేముంది మా సీమలో. పక్కనుంచి నేను, "నూట యాభై గ్రాములు చాలండి" అని అంచనా కూడా అందించాను. మావయ్యగారు బారెడు పీచు కుక్కారు. అరుపు పంచాయతీ ఆఫీసు దాకా పోవడం మానేసి, వాళ్ళింటి దాకా మాత్రం వినిపించసాగింది. అందరూ సంతోషించారు, ప్రెసిడెంటుగారు తప్ప.

పదకొండో రోజు ఏం జరిగిందో నాకు తర్వాత తెలిసింది. మధ్యాహ్నం, మబ్బు పట్టి ఉంది, ఆకు కదలడం లేదు. చెరువుల మీదకి వెళ్ళే కరెంటు లైనులో ఒక తీగ తెగింది. ఇంటి లైను వేరు, కాబట్టి మావయ్యగారి ఇంట్లో ఫాను తిరుగుతూనే ఉంది. గట్టు మీద ఏరియేటర్లు నిలిచిపోయాయి. కాపలా మనిషి అన్నానికి వెళ్ళాడు. మా పెట్టె బ్యాటరీ మీద లేచి తన కర్తవ్యం తాను నిర్వర్తించింది: "ఏమండీ, ఏరియేటర్లు ఆగిపోయినట్టున్నాయండి, కాస్త ఇటొచ్చి చూద్దురూ." బారెడు పీచులోంచి, గుసగుసగా, నిమిషానికోసారి, ఎంతో మర్యాదగా. పక్కన నిలబడ్డ కొంగకి కూడా వినిపించి ఉండదు.

పంటని కాపాడింది పెట్టె కాదు, మావయ్యగారి చిరాకు. పది రోజులుగా ఆయన అరగంట అరగంటకీ ఆ అరుపుని తిట్టుకోవడానికి అలవాటుపడ్డారు. రెండున్నరకి కంచం ముందు కూర్చుని, ముద్ద కలుపుకుని, తిట్టుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. అరుపు రాలేదు. "ఏంటే, ఇంకా అరవలేదేంటి?" అని అత్తయ్యగారిని అడిగి, ఒక నిమిషం చూసి, ముద్ద కంచంలో వదిలేసి, ఎంగిలిచేత్తో గట్టు మీదకి పరిగెత్తారు. రొయ్యలు నీళ్ళ అంచుకి వచ్చి ఎగురుతున్నాయి. జనరేటరు తాడు లాగారు. రెండు చెరువులు తేరుకున్నాయి. మూడోదాంట్లో నాలుగో వంతు పోయింది. (నాలుగో వంతు అని ఆయన అన్నారు. ఆ రోజు నేను లెక్క సరిచూసే సాహసం చెయ్యలేదు.)

కబురు అందగానే నేనూ టీచరుగారి అమ్మాయీ ముమ్మిడివరం మీదుగా బస్సు పట్టుకుని వెళ్ళాం. దారి పొడుగునా నేను తయారీదారుని, విద్యుత్తు శాఖని, కాపలా మనిషిని వరసగా దోషులుగా నిరూపించుకుంటూ వచ్చాను. కొబ్బరిపీచుని కూడా వదల్లేదు. మావయ్యగారు గట్టు మీద పంచె పైకి కట్టి నిలబడి ఉన్నారు. చేతికి అన్నం మెతుకులు ఎండిపోయి ఉన్నాయి. హారన్లో పీచంతా లాగేసి, తేరుకున్న చెరువులో ఒక్క చక్రం ఒక్క నిమిషం ఆపి, "వినండి" అన్నారు. ముగ్గురం హారనుకి చెవులు ఆనించాం. లోపల్నుంచి పిన్నిగారు, పక్కింటివాళ్ళ రహస్యం చెబుతున్నట్టు, "ఏమండీ..." అన్నారు.

"ఇంట్లోవాళ్ళకి తెలీకుండా చెప్తోందండి" అన్నారు మావయ్యగారు.

టీచరుగారి అమ్మాయి పెట్టె మూత తీసి చిప్పు మీద నంబరు చూసింది. ఫోన్లో 318 పుస్తకం తెరిచి, నలభై ఒకటో పేజీ తీసి, నా మొహం ముందు పట్టుకుంది. పాత చిప్పుల్లో ధ్వనికి ఒక అంకె ఉండేది, సున్నా నుంచి అరవై మూడు దాకా. శబ్దం ఎంత తగ్గించాలో ఆ అంకె చెబుతుంది. సున్నా అంటే పూర్తి గొంతు. కొత్త చిప్పులో అదే అంకె శబ్దం ఎంత పెంచాలో చెబుతుంది. సున్నా అంటే మౌనం. నేను మెల్లటి మాటకి యాభై, గట్టి మాటకి నాలుగు పెట్టాను. ఈ చిప్పు పేరు అడిగినప్పుడు బోర్డు ఎక్స్ అని చెప్పింది, డ్రైవరు "ఆయ్, మా తాలూకానేనండి" అని పాత చిప్పుల భాషలోనే మాట్లాడుతూ పోయింది. క్షేమాన్ని ఊరంతా చాటి, ఆపదని గుసగుసలాడే యంత్రాన్ని ఈ ప్రపంచంలో మొట్టమొదట తయారుచేసింది నేనే అనుకున్నాను ఆ సాయంత్రం. అది కూడా నా గొప్పే. తర్వాత్తర్వాత ఆ పద్ధతిలో పనిచేసేవి నాకు చాలా ఆఫీసుల్లో కనిపించాయి, కొన్ని కుర్చీల్లో కూర్చుని మరీ.

"తయారీదారు మార్చేశాడండి మావయ్యగారూ" అని మొదలుపెట్టాను.

"మార్చినట్టు పుస్తకంలో రాసేడా లేదా?"

"రాశాడండి."

"మీరు చదివేరా?"

"లేదండి."

"మరి చదవకుండా దీన్ని వాటిల్లో ఎలా కలిపేసేరండి?"

చుట్టూ నీళ్ళు, పైన మబ్బు, అంచున తేలిన తెల్లటి రొయ్యలు. చెప్పడానికి నా దగ్గర ఉన్నది ఒక్కటే. "రెండేసి చొప్పున పెరుగుతోందండి" అన్నాను.

మావయ్యగారు కోప్పడతారనుకున్నాను. గట్టు మీద గొంతుక్కూర్చుని, చేతికి అంటుకున్న మెతుకులు గోటితో గీరుకుంటూ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పారు.

"మేం నలుగురం అన్నదమ్ములమండి. మీ లెక్కలాగే రెండేసేళ్ళ ఎడం. ఒకటే ఇంటిపేరు, ఒకటే ముక్కు. పెద్దోడికి అన్నం ఎక్కువ పెడితే సంతోషిస్తాడు. మూడోవాడికి ఎక్కువ పెడితే కంచం విసిరికొడతాడు. మా అమ్మ ఎవరికెంతో చూసుకుని పెట్టేదండి. ఇంటిపేరు చూసి వడ్డించలేదు."

నాలుగు పేజీల ఉత్తరానికి ఆ విదేశీ పెద్దాయన ఒక్క ముక్కలో ఇచ్చిన జవాబు నాకు అప్పటికి అర్థమైంది. టీచరుగారి అమ్మాయి చెరువు వైపు తిరిగి నిలబడింది. నవ్వుతోందని భుజాలు చూస్తే తెలుస్తోంది. దెప్పలేదు, అది ఆమె మంచితనం. నాకైతే అలాంటి అవకాశం వస్తే ఏడాదిపాటు వదిలేవాణ్ణి కాదు.

మర్నాటి నుంచి వారం రోజులు, అమ్మిన పెట్టెలన్నిటి దగ్గరికీ తిరిగాను. ప్రతి గట్టు మీదా రైతు ఎదురుగా మూత తీసి, భూతద్దం పెట్టి, చిప్పు మీద ఉన్న నంబరు ఉన్నట్టుగా పైకి చదివి రాసుకున్నాను. "ఏంటండీ, అమ్మేటప్పుడు చూళ్ళేదా?" అని దాదాపు అందరూ అడిగారు. ఒకాయన కొబ్బరిబోండం ఇస్తూ అడిగాడు, అది ఇంకా కష్టం. ఎక్స్ పోయింది. 312కి దాని పేరు దానికి. 314కి ముందు తన పేరు, పక్కన 312 తాలూకా అని. 316కీ అంతే. 318కి విడిగా పేరు, విడిగా ధ్వని లెక్క, ఎవరి తాలూకా కాదు. పెద్దాయనకి మళ్ళీ పంపాను, ఈసారి ఉత్తరం మూడు లైన్లు. తీసుకున్నారు. మెచ్చుకోలు ఏమీ లేదు. ఎందుకుంటుంది, ఉన్నది ఉన్నట్టు రాసినందుకు!

ఇహ మావయ్యగారి పెట్టె. సరిచేసి, క్షేమం మెల్లగా, ఆపద గట్టిగా పలికించి చూపిస్తే ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఆపద గట్టిగానే ఉండనివ్వండి. బాగుందన్న మాట కూడా ఇదివరకట్లా అరిపించండి."

"అంత గట్టిగానాండి? ఊరు మళ్ళీ గోలపెడుతుంది."

"పెట్టనివ్వండి. ఆపదొస్తే మీ పెట్టె పిలుస్తుందో లేదో నాకు తెలీదు. బ్యాటరీ పోవచ్చు, మీరు ఇంకో ఎక్స్ పెట్టొచ్చు. బాగుందన్న కేక ఆగిందంటే మటుకు నాకు తెలుస్తుంది. ఆ కేకే నాకు కావాలి."

ఇరవై ఆరేళ్ళుగా పోగుచేసిన నా లెక్కలన్నీ కలిపినా ఇంత తెలివైన వాక్యం ఒక్కటి రాలేదు. ఆ ఉత్సాహంలో నేను మావయ్యగారి పెట్టెలోని చిప్పుకి మరో ప్రత్యేకమైన పేరు పెట్టబోతే, టీచరుగారి అమ్మాయి నా చెయ్యి పట్టుకున్నంత పనిచేసింది. "చిప్పు పేరు చిప్పుదే అన్నయ్యగారూ. మావయ్యగారి ఇష్టం సెట్టింగుల్లో రాయండి." ఈసారి ఆయ్ అన్నది నేను. ఒప్పుకున్న రకం.

పట్టుబడికి నన్ను పిలిచారు. రెండు చెరువులు నిండుగా, మూడోది కాస్త వెలితిగా వచ్చింది. కొబ్బరి మొక్కలు వెయ్యలేదు, మళ్ళీ నీళ్ళు పెట్టారు. ఇప్పుడు బాబాయిగారు షాపు మానేసి ఇంటిపట్టున ఉంటున్నారు, టీచరుగారి అమ్మాయి పెద్ద ఊళ్ళో పెద్ద ఉద్యోగంలో ఉంది. ఎప్పుడైనా ఫోను చేస్తే "ఎక్స్ గారు ఎలా ఉన్నారండి?" అని అడుగుతుంది. ఆలస్యంగానైనా దెప్పుతోంది, నేనే తొందరపడి మంచితనం అన్నాను.

మొన్న కాట్రేనికోనలో పని చూసుకుని, మావయ్యగారి చెరువుల ఎదురుగా రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాను. గడియారం చూస్తే నాలుగున్నర. కేక రాలేదు. చెరువుల వైపు ఒక అడుగు వేశాను. పదకొండు సెకన్లు గడిచాక పిన్నిగారి గొంతు, కాస్త బొంగురుపోయి, మూడూళ్ళకీ వినపడేలా "అంతా బాగుందండి!" అంది. ఆ ఇరవై ఆరేళ్ళ కుర్రాడే నా చోట ఉంటే, గడియారం పదకొండు సెకన్లు తప్పుతోందని రాసుకుని, దానికో పట్టిక వేసుకుని, బస్సెక్కి వెళ్ళిపోయేవాడు. వాడి గళ్ళ కాగితాలూ, ఎర్ర సిరా టిక్కులూ, ఆ ధీమా కళ్ళముందు మెదిలి నాలో నేనే నవ్వుకున్నాను. తర్వాత గేటు తోసుకుని గట్టెక్కి, మూడు చెరువుల్లోనూ చక్రాలు తిరుగుతున్నాయో లేదో నా కళ్ళతో చూసుకుని వచ్చాను. ఈలోపు బస్సు వెళ్ళిపోయింది.